సెలవు రోజు స్లాబు

మా కాలనీలో స్లాబులన్నీ సెలవు రోజుల్లోనే పడతాయి. రెండో శనివారం, దసరా, సంక్రాంతి, లేదంటే మామూలు ఆదివారం. క్యాలెండర్లో ఎర్ర అంకె కనపడితే చాలు, తెల్లారకముందే ఏదో ఒక సందులో మిల్లర్ గడగడ మొదలవుతుంది. పండగ పూట పనివాళ్లు రావాలంటే కూలి ఎక్కువ ఇవ్వాలి. అయినా ఇస్తారు. ఎందుకంటే ఆ రోజు మున్సిపల్ ఆఫీసుకి తాళం. ఎవరైనా ఫోన్ చేసినా ఎత్తేవాళ్లుండరు. సోమవారం ఆఫీసు తెరిచేసరికి స్లాబు గట్టిపడి, దాని మీద మడులు కట్టి నీళ్లు నింపి ఉంటాయి.

ఇందులో ఒక లెక్కుంది. నేల మీద ముగ్గు పోసి మార్కింగ్ ఇచ్చినప్పుడు ఆపితే ఎవరికీ పెద్ద నష్టం లేదు. పిల్లర్లు లేచాక ఆపితే కొంత పోతుంది. స్లాబు పడ్డాక ఆపాలంటే లక్షలు. ఆ స్లాబు కింద ఒక సంసారం దిగి, గ్యాస్ కనెక్షన్ వచ్చి, గుమ్మానికి మామిడాకులు కట్టాక పడగొట్టాలంటే ఎవరికీ చేతులు రావు. అందుకే పర్మిషన్‌కి మించి కట్టేవాళ్లకి కావాల్సింది ఇంకో పర్మిషన్ కాదు. టైమ్. ఒక శనివారం, ఒక ఆదివారం దొరికితే చాలు.

ఇదంతా నాకు ఎలా తెలుసంటే, గత రెండేళ్లుగా మా ఇంట్లో దీని గురించి తప్ప వేరే మాట లేదు.

మాది హైదరాబాద్ శివారులో 200 గజాల ఇల్లు. నాన్న 2009లో కట్టినప్పుడు అది గ్రామ పంచాయతీ. కింద రెండు గదులు, పైన రెండు. తూర్పు వైపు నాన్న నాలుగు అడుగులు వదిలాడు. రూల్ చూసి వదిలాడనుకునేరు, కాదు. సిద్ధాంతి చెప్పాడు కాబట్టి వదిలాడు. తూర్పు, ఉత్తరం ఎక్కువ ఖాళీ ఉండాలి, పడమర, దక్షిణం తక్కువ ఉన్నా పర్లేదు, ఇదీ మన దగ్గర నిజంగా అమలయ్యే బిల్డింగ్ రూల్. మున్సిపాలిటీ చెప్తే వదలని ఖాళీని సిద్ధాంతి చెప్తే ఒక్క మాట ఎదురు చెప్పకుండా వదులుతారు.

చిక్కు ఏంటంటే, మా తూర్పు మా పక్కింటివాళ్లకి పడమర.

పక్కింటి అంకుల్‌ది సందు మూల మీద కిరాణా షాపు. వాళ్ల పాత రేకుల ఇల్లు తీసేసి కొత్తగా కట్టడం మొదలుపెట్టినప్పుడు ప్లాన్‌లో ఉన్నది జీ ప్లస్ టూ. చివరికి లేచింది గ్రౌండ్ మీద నాలుగు అంతస్తులు. మా వైపు ఆయన వదిలింది జానెడు. ఆ జానెడు కూడా ప్లాస్టరింగ్ చేయడానికి మేస్త్రీ చెయ్యి పట్టాలని వదిలినట్టుంది.

రూల్ ప్రకారం ఎంత వదలాలి? ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168లో ప్లాటు సైజు, రోడ్డు వెడల్పు, బిల్డింగ్ ఎత్తు బట్టి ఒక పట్టిక ఉంది. 200 గజాలంటే దాదాపు 167 చదరపు మీటర్లు. ఆ సైజుకి 10 మీటర్ల ఎత్తు లోపు కట్టుకుంటే ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. మీటరంటే పెద్దగా ఏమీ కాదు, ఒక మనిషి చేతులు చాపకుండా నడిచేంత. కానీ గాలి వచ్చేది అందులోంచే. వాన నీళ్లు పోయేది అందులోంచే. పై ఫ్లోర్‌లో సిలిండర్ పేలితే మనుషులు వెనక నుంచి బయటపడేదీ, పైపు పట్టుకుని ఫైర్ వాళ్లు దూరేదీ ఆ సందులోంచే. ఇద్దరు పక్కపక్కవాళ్లు చెరో మీటరు వదిలితే రెండు మీటర్లు. ఒకరు ఎగ్గొడితే రెండోవాళ్లు వదిలింది కూడా చీకటి కొట్టే అవుతుంది. మా నాలుగడుగులకి జరిగింది అదే.

ఆ వైపు కిటికీ ఉన్నది నాయనమ్మ గదికి. ఆమెకి ఎనభై దాటాయి. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా ఆ కిటికీలోంచి ఎండ మంచం మీద పడేది. మోకాళ్లు చాపుకుని కూర్చునేది. ఎండ మంచం కోడు దాటితే "తొమ్మిదైంది, టిఫిన్ పెట్టుండ్రి" అని కేకేసేది. రెండో స్లాబు పడే సరికి ఎండ పోయింది. మూడో స్లాబుకి గదిలో పగలు కూడా లైటు. ఇప్పుడామె టైమ్ కోసం అమ్మని అడుగుతుంది, గంటకి ఐదారు సార్లు.

సరే, కంప్లైంట్ ఇవ్వాలి. చెప్పినంత ఈజీ కాదు. 2021 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. నాన్నకి ఆక్సిజన్ 86కి పడిపోయిన రాత్రి అంబులెన్స్ దొరక్క మేం ఏడుస్తుంటే, షాపుకి సరుకు తెచ్చే ట్రాలీ ఆటోలో పరుపేసి నాన్నని పడుకోబెట్టి మూడు ఆస్పత్రులు తిప్పింది ఈ అంకులే. మూతికి రుమాలు తప్ప ఇంకేం లేదు ఆయనకి. ఆ మనిషి మీద కంప్లైంట్ ఎట్లా ఇస్తాం? నాన్న మాట ఒకటే. "పానం పోతుంటె వచ్చినోడు. గోడ కోసం ఆయన్ని కచేరీకి గుంజుతమా?"

నేను మొదట ఆయన్నే అడిగాను. షాపులో ఎవరూ లేనప్పుడు వెళ్లి, "అంకుల్, మా సైడు కొంచెం వదలాల్సింది కదా" అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. త్రాసు తుడుస్తూ చెప్పాడు. "ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. తలా ఒక ఫ్లోరు. మాకు కిందిది. ఒకటి కిరాయికి, బ్యాంకు కిస్తీ దానితోనే కట్టాలె. నువ్వే చెప్పు బిడ్డా, మూడు ఫ్లోర్లల్ల ఇది ఎట్ల ఎల్తది?" లెక్క నాకూ అర్థమైంది. ఈ ఊళ్లో సొంతిల్లు అంటే ఉండటానికి మాత్రమే కాదు, అదే పెన్షన్, అదే పిల్లల కట్నం, అదే ఇన్సూరెన్స్. రూల్ పుస్తకం రాసినవాళ్లకి ఈ సంగతి తెలియదని నేననను. కానీ దాని ఖర్చు నాయనమ్మ కిటికీ ఎందుకు కట్టాలి?

ఇంకో మాట కూడా అన్నాడాయన. "ఎప్పుడో ఒకప్పుడు స్కీమ్ వస్తదిలే. పైసలు కట్టి రెగ్యులర్ చేయించుకుంటం."

ఈ ఒక్క మాటలో మన పట్టణాల చరిత్ర ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు ఆఖరున బీపీఎస్ వచ్చింది. 1985 నుంచి 2007 డిసెంబరు 15 దాకా రూల్స్ మీరి కట్టినవాటిని డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేసే స్కీమ్. ఇదే ఆఖరు అన్నారు. 2015లో తెలంగాణలో బీఆర్ఎస్ వచ్చింది, పార్టీ కాదండోయ్, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్. దానికి కటాఫ్ 2015 అక్టోబరు 28. అది హైకోర్టుకెక్కి ఆగిపోయింది. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు ఏళ్ల తరబడి అటూ ఇటూ కాకుండా ఉండిపోయారు. అయినా జనానికి గుర్తుండేది కోర్టు కాదు, స్కీమ్ వచ్చిందన్న సంగతి. ఒకసారి జరిమానా కట్టి బయటపడ్డవాడు కాలనీలో పదిమందికి ధైర్యం. నిజాయితీగా మీటరు వదిలినవాడికి మాత్రం ఏ స్కీమూ రాలేదు.

మూడో స్లాబు తర్వాత నాన్నకి చెప్పకుండా యాప్‌లో కంప్లైంట్ పెట్టాను. ఫొటో, లొకేషన్, నాలుగు లైన్ల మేటర్. నాలుగో రోజు ఫోన్‌కి మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. తెరిచి చూస్తే అంకుల్ వాళ్ల గేటు ఫొటో. అంతే. గేటు. దాని పక్కన పడుకున్న కుక్క కూడా పడింది ఫొటోలో.

ఆ సాయంత్రమే అంకుల్ మా ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. "అన్నా, బిడ్డ కంప్లైంట్ పెట్టిందంట. నాకు చెప్తె సరిపోతుండె గదా" అన్నాడు. నాన్న నా వైపు చూశాడు. ఆ చూపు గురించి ఇక్కడ రాయను. నా పేరు, నంబరు ఆయనకి ఎట్లా తెలిసిందన్నది ఎవరూ అడగలేదు. అది అడగాల్సిన ప్రశ్న అని కూడా ఎవరికీ అనిపించలేదు, అదీ విచిత్రం. కట్టినవాడి తప్పు కంటే చెప్పినవాడి పేరు ముందు బయటికొస్తుంది. మన ఊళ్లల్లో ఫిర్యాదులు ఎందుకు తక్కువ అంటే నేను చెప్పే కారణం ఇదే.

తర్వాత లాయర్ అయిన మా మామయ్య కూతురు కూర్చోబెట్టి చెప్పింది, ఈ మెషీన్ ఎలా పనిచేస్తుందో. అది విన్నాక నాకు కోపం కాస్త తగ్గింది, ఆశ కూడా తగ్గింది.

తెలంగాణలో 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది, ఇప్పుడు టీజీ-బీపాస్ అంటున్నాం. దాని ఐడియా బాగానే ఉంటుంది. 75 గజాల లోపు ఇంటికి పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే మీరే సెల్ఫ్ సర్టిఫికేషన్ ఇస్తే వెంటనే అనుమతి వచ్చేస్తుంది. పెద్దవాటికి 21 రోజులు గడువు. ఆఫీసుల చుట్టూ తిరిగి, టేబుల్ టేబుల్‌కీ చేతులు తడిపే రోజులు చూసినవాళ్లు దీన్ని తిట్టరు. నేనూ తిట్టను. నమ్మి ఇస్తున్నాం, మాట తప్పితే నోటీసు కూడా లేకుండా కూల్చేస్తాం, ఇదీ ఒప్పందం. తనిఖీకి కలెక్టర్ల ఆధ్వర్యంలో జిల్లాకో టాస్క్‌ఫోర్స్ కూడా పెట్టారు.

నమ్మకం సగం మాత్రం ఆన్‌లైన్లో సెకన్లలో జరుగుతుంది. కూల్చే సగం ఇంకా ఒక మనిషి, ఒక బండి, ఒక టేపు మీద నడుస్తుంది. ఇదివరకు కట్టకముందు చూసేవాళ్లు. ఇప్పుడు కట్టాక చూడాలి. కట్టాక చూసే కన్ను అంటే పక్కింటివాడి కన్నే. అంటే సిస్టమ్ మొత్తం నాలాంటివాళ్ల ఫిర్యాదు మీద ఆధారపడి ఉంది, ఆ ఫిర్యాదు ఇస్తే మా పేరు సాయంత్రానికల్లా పక్కింటికి చేరుతుంది.

పైగా 'నోటీసు లేకుండా' అన్న మాట ఇప్పుడు అంత తేలిక కాదు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కేసులో తీర్పిచ్చింది. ఏ ఇల్లైనా కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, గోడకీ అంటించాలి. ఏ రూల్ ఎక్కడ మీరారో రాయాలి. యజమాని మాట వినాలి. కూల్చడం తప్ప వేరే దారి ఎందుకు లేదో ఆర్డర్‌లో చెప్పాలి. ఆ ఆర్డర్ తర్వాత ఇంకో 15 రోజులు ఆగాలి. కూల్చేటప్పుడు వీడియో తీయాలి. రోడ్డు, ఫుట్‌పాత్, నది, చెరువు లాంటి చోట్ల ఆక్రమణలకి మాత్రం ఇది వర్తించదు.

ఇది చదివి మొదట నా ఒళ్లు మండింది. ఇంకో నెల అన్నమాట! తర్వాత హైడ్రా గుర్తొచ్చింది. 2024 జులైలో హైడ్రా పెట్టినప్పుడు, ఆగస్టులో మాదాపూర్‌లో ఎన్ కన్వెన్షన్ మీదికి మెషీన్లు వెళ్లినప్పుడు మా ఆఫీసులో అందరం ఫోన్లలో వీడియోలు చూసి చప్పట్లు కొట్టాం. పెద్దోళ్ల మీదికి వెళ్లారు కదా అని. తర్వాతి నెలలో అమీన్‌పూర్‌లో ఆదివారం పూట కూల్చివేతలు జరిగాయి. సెలవు రోజు ఎందుకంత తొందర అని తెలంగాణ హైకోర్టు అధికారుల్ని గట్టిగా నిలదీసింది. అది చదువుతుంటే నాకు మా అంకుల్ గుర్తొచ్చాడు. ఆయన ఆదివారం కట్టాడు, వాళ్లు ఆదివారం కూల్చారు. ఇద్దరికీ కావాల్సింది ఒకటే, తలుపులు మూసి ఉన్న ఒక రోజు.

కాబట్టి ఆ 15 రోజులు మా అంకుల్‌కీ దక్కాలి. నాకు ఇష్టం లేకపోయినా దక్కాలి.

మా కేసులో నోటీసు వచ్చేసరికి నాలుగో స్లాబుకి సెంట్రింగ్ కడుతున్నారు. ఈసారి నేను కౌంటర్‌లో రాతపూర్వకంగా ఇచ్చి, స్టాంపు వేసిన రసీదు తీసుకుని, సోమవారం ప్రజావాణిలో కూడా ఇచ్చాను. మీలో ఎవరైనా ఈ పనిలో దిగితే యాప్ కంటే ఆ రసీదు ముఖ్యం అని గుర్తుపెట్టుకోండి. కోర్టులో నిలబడేది అదే. ముందు షోకాజ్ నోటీసు, దానికి జవాబు, తర్వాత కారణాలు రాసిన ఆర్డర్. జీహెచ్ఎంసీ చట్టంలో అయితే వీటిని 452, 636 సెక్షన్లంటారు, ఈ రెండు నంబర్లు తెలిస్తే కౌంటర్ దగ్గర మీతో మాట్లాడే తీరు మారుతుంది. నోటీసు అందుకున్న వారంలోపే అంకుల్ సివిల్ కోర్టుకెళ్లి స్టేటస్ కో తెచ్చుకున్నాడు. స్టేటస్ కో అంటే ఎక్కడిది అక్కడ ఆగాలని. అక్కడ ఆగింది కూల్చడం ఒక్కటే. గోడలు లేచాయి, పుట్టీ పడింది, రంగు కూడా పడింది. లేత నారింజ.

స్టేటస్ కో ఎత్తేశాక ఒక రోజు మున్సిపాలిటీవాళ్లు నిజంగానే వచ్చారు. నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నాను. ఐదుగురు మనుషులు, ఒక డ్రిల్లింగ్ మెషీన్. పై స్లాబు మీదికెక్కారు. గంటసేపు చప్పుడు. దిగాక చూస్తే స్లాబుకి మూడు చిల్లులు, ఒక్కోటి తలకాయంత. చిల్లుల్లోంచి ఇనుప చువ్వలు కనపడుతున్నాయి, ఒక్క చువ్వా తెగలేదు. ఫొటోలు తీశారు. ఆ ఫొటోలతో ఫైల్‌లో 'పాక్షికంగా తొలగించాం' అని ఎక్కింది. పదో రోజున మేస్త్రీ వచ్చి మూడింటినీ సిమెంటుతో పూడ్చాడు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇల్లు కట్టినవాళ్లని అడగండి, ఈ చిల్లుల సంగతి కథలు కథలుగా చెప్తారు.

వెళ్లిపోతున్న టౌన్ ప్లానింగ్ సారుని గేటు దగ్గర ఆపాను. తిడదామనే ఆపాను. చిన్న వయసే, నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. హెల్మెట్ పెట్టుకుంటూ చెప్పాడు. "మేడం, ఈ సందు ఇరవై ఫీట్లు. మెషీన్ తిరగదు. కింద ఫ్లోర్లల్ల మనుషులున్నరు, బీమ్ కోస్తే కింది స్లాబుకి పగుళ్లొస్తయి, అప్పుడు నా మీద కేసు. పైన నుంచి ఫోన్లు. రేపు కోర్టుల జవాబు చెప్పేది నేనే. నాకు ఎన్ని కాలనీలున్నయో తెలుసా?" చెప్పాడు ఎన్నో. ఆ నంబరు ఇక్కడ రాస్తే ఆయనెవరో తెలిసిపోతుంది. లంచం తిన్నాడా అని మీరడుగుతారు. తెలియదు. తినకపోయినా ఆ మూడు చిల్లులకంటే ఎక్కువ చేయగలిగేవాడు కాదన్నది మాత్రం నాకు అర్థమైంది.

వారం తర్వాత మాకు నోటీసొచ్చింది. మా ర్యాంపు మూడడుగులు రోడ్డు మీదికి ఉందట. ఎవరు ఫిర్యాదు చేశారో మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. మా సందులో ర్యాంపు రోడ్డు మీదికి రాని ఇల్లు ఒక్కటీ లేదు, రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, ఇంటి గేటు పల్లంలో పడుతుంది మరి. నాన్న నోటీసు రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. షెడ్డులోంచి గడ్డపార తెచ్చి ఆ సాయంత్రమే తవ్వడం మొదలుపెట్టాడు. అరవై ఆరేళ్ల మనిషి. నేను పట్టుకోబోతే "నువ్వు లోపలికి పో" అన్నాడు. సందులో అందరూ గుమ్మాల్లో నిలబడి చూశారు. అంకుల్ షాపు షట్టరు సగం దించి లోపలే ఉన్నాడు.

నాన్న ర్యాంపు ఒక్కటే, ఈ మొత్తం వ్యవహారంలో పూర్తిగా అమలైన నోటీసు.

అసలు కూల్చడం దాకా రావడమే ఓడిపోవడం అని నాకనిపిస్తుంది. కూల్చకుండానే ఆపే దారులు మన రూల్స్‌లోనే ఉన్నాయి. చిన్న ఇళ్లకి మినహాయింపు ఇచ్చి, మిగతా బిల్డింగుల్లో పది శాతం ఏరియాని పర్మిషన్ ఇచ్చే ఆఫీసుకి తనఖా పెట్టించుకునే పద్ధతి జీవో 168లోనే ఉంది. ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే అది విడుదలవుతుంది. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇంకో తీర్పులో ఇంకా సూటిగా చెప్పింది: కట్టేచోట అప్రూవ్డ్ ప్లాన్ అందరికీ కనపడేలా పెట్టాలి. అధికారులు మధ్యమధ్యలో వచ్చి చూసి రికార్డు రాయాలి. పూర్తయినట్టు, ఉండొచ్చన్నట్టు సర్టిఫికెట్ లేకుండా కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వకూడదు. బ్యాంకులు కూడా ఆ సర్టిఫికెట్ చూశాకే ఆ బిల్డింగ్ మీద లోన్ ఇవ్వాలి. ఒక్క కరెంటు మీటరు దగ్గర గట్టిగా నిలబడితే డ్రిల్లింగ్ మెషీన్ అవసరమే ఉండదు. మా పక్కింట్లో ఫ్లోరుకో మీటరు బిగించి ఉంది, పై ఫ్లోరుతో సహా.

పక్కవాడికి ప్రశ్నించే హక్కు ఉందా అంటే అదీ పాత సంగతే. ఉడుపిలో ఇళ్ల మధ్య సినిమా హాలు కట్టనిచ్చినప్పుడు అక్కడి నివాసి ఒకరు కోర్టుకెళ్తే, ప్లాన్‌కి విరుద్ధంగా కడితే చుట్టుపక్కలవాళ్ల హక్కు దెబ్బతిన్నట్టేనని సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది. మా మామయ్య కూతురు ఇది చెప్పి, "కేసు గెలుస్తావే. ఎప్పుడన్నదే అడక్కు" అని నవ్వింది.

ఇది చదివేవాళ్లలో చాలామంది మీరు రెంట్‌కి ఉంటున్నవాళ్లే అయ్యుంటారు. పెంట్‌హౌస్ తక్కువకి వచ్చిందని సంబరపడ్డారా ఎప్పుడైనా? నేను రెండేళ్లు అలాంటిదాంట్లో ఉన్నాను, ఎండాకాలం గది పొయ్యిలా ఉండేది. ఆ పెంట్‌హౌస్ ప్లాన్‌లో ఉండే అవకాశం చాలా తక్కువ. కొనేవాళ్లయితే ఇంకా జాగ్రత్త. ఇంటి పన్ను రసీదు చూపించి "అన్నీ క్లియర్ సార్" అంటారు. పన్ను అక్రమ కట్టడానికీ వేస్తారు, మామూలు కంటే ఎక్కువే వేస్తారు. పన్ను కట్టినంత మాత్రాన అది సక్రమం అయిపోదు. అడగాల్సింది శాంక్షన్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. ప్లాన్‌లో ఎన్ని ఫ్లోర్లున్నాయో చూసి, రోడ్డు మీద నిలబడి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. దీనికి లాయర్ అక్కర్లేదు.

పక్కింటి నాలుగో ఫ్లోర్‌లో ఇప్పుడు ముగ్గురు అమ్మాయిలు ఉంటున్నారు. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నారట. మా డాబా మీద బట్టలారేస్తుంటే వాళ్ల బాల్కనీలోంచి ఒకమ్మాయి పలకరించింది. "అక్కా, ఇక్కడ నీళ్లు రోజూ వస్తాయా?" రోజు విడిచి రోజు వస్తాయని చెప్పాను. ఆరు నెలల అడ్వాన్స్ కట్టారట. వాళ్లు నిలబడ్డ ఫ్లోర్ మీద ఫైల్ ఉందని, వాళ్ల తలమీది స్లాబుకి పూడ్చిన చిల్లులున్నాయని నేను చెప్పలేదు. చెప్పాల్సింది అంకుల్ కదా. కానీ ఆ రోజు నుంచి కేసు వాయిదా పడిన ప్రతిసారీ నాకు చిరాకుతో పాటు ఇంకేదో కూడా అనిపిస్తోంది. ఆర్డర్ అమలైతే మొదట సామాన్లు సర్దుకోవాల్సింది వాళ్లే.

నాయనమ్మ మంచాన్ని ముందు గదిలోకి మార్చాం. అక్కడ సాయంత్రం ఎండ వస్తుంది. ఆమెకి అది నచ్చలేదు, మంచం పడమటికి తిరిగిందని రోజూ గొణుగుతుంది. నాన్న పాలకీ పెరుగుకీ మెయిన్ రోడ్డు దాకా నడుస్తున్నాడు. మూల మీద షాపు ఉండగా అంత దూరం ఎందుకని ఎవరూ అడగట్లేదు. పోయిన నెల ఒక రోజు మాత్రం అంకుల్‌కి బీపీ పెరిగి పడిపోయాడని తెలిసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. తిరిగొచ్చాక "మంచిగనే ఉన్నడు" అన్నాడు, అంతే.

మా ఎదురు ఖాళీ ప్లాటులో మొన్న ముగ్గు పోశారు. యజమాని నా వయసు కుర్రాడు, ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ. నేను ఆఫీసుకి వెళ్తూ ఆగి ప్లాన్ అడిగితే ఏమీ అనుకోకుండా ఫోన్‌లో పీడీఎఫ్ తీసి చూపించాడు. జీ ప్లస్ టూ. చుట్టూ మీటరు చొప్పున గీత గీసి ఉంది.

"ఇంతే కడతారా?" అన్నాను.

పక్కింటి నారింజ రంగు గోడ వైపు ఒకసారి పైదాకా చూశాడు. "ఇంతే అక్కా. మరి... పిల్లర్లు మాత్రం ఐదు ఫ్లోర్లకి పడేలా వేయిస్తున్నా."